మా పాప స్విమ్మర్ అవుతానంటోంది, ఇప్పుడేం చెయ్యాలి?

సమ్మర్ క్యాంప్ ఆఖరి రోజు కోచ్ మనల్ని పక్కకి పిలిచి "పాపకి నీళ్లు బాగా పట్టుబడ్డాయండీ, రెగ్యులర్ బ్యాచ్‌లో వేసెయ్యండి" అంటాడు చూడండి, అసలు కథ అక్కడ మొదలవుతుంది. మాకూ అలాగే మొదలైంది. ఆ రోజు ఇంటికొచ్చే దారిలోనే మా ఆయన ఫోన్లో ఒలింపిక్ రికార్డులు వెతకడం మొదలెట్టేశారు, పాపకేమో అప్పుడు ఎనిమిదేళ్లు, ఆగకుండా 25 మీటర్లు వెళ్తే చాలని సంబరపడే వయసు. ఇప్పుడు దానికి పద్నాలుగు. ఈ ఆరేళ్లలో మేం చేసిన తప్పులూ, పక్కవాళ్లు చేస్తుంటే చూసినవీ, అడిగి తెలుసుకున్నవీ కలిపి రాసేస్తున్నా, ఎందుకంటే పూల్‌కి కొత్తగా వచ్చే అమ్మానాన్నలు ప్రతి ఏడూ అవే ప్రశ్నలు అడుగుతారు, నేనూ గ్యాలరీ మెట్ల మీద కూర్చుని అవే జవాబులు చెప్పి చెప్పి అలిసిపోయా.

ముందే చెప్పేస్తున్నా, మా పాప ఇంటర్నేషనల్ స్విమ్మర్ ఏం కాదు. స్టేట్ మెడల్స్ కొన్ని ఉన్నాయి, ఒకసారి నేషనల్స్‌కి వెళ్లొచ్చింది, అంతే. అందుకే పై లెవెల్ సంగతులు వచ్చినప్పుడు నిజంగా అక్కడిదాకా వెళ్లిన పిల్లల గురించే చెప్తా.

ఉదాహరణకి ధినిధి దేశింగు. బెంగళూరు అమ్మాయి, 2024 పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్లిన మన ఇండియా బృందం మొత్తంలో అందరికంటే చిన్నది, పద్నాలుగేళ్లు. అంతకంటే చిన్న వయసులో మన దేశం నుంచి ఒలింపిక్స్‌కి వెళ్లింది ఆరతి సాహా ఒక్కరే, 1952లో హెల్సింకికి, పదకొండేళ్లకి, ఆవిడా స్విమ్మరే. ఇంతకీ ఈ ధినిధి చిన్నప్పుడు నీళ్లంటేనే భయపడేదట, తల ముంచనంటే ముంచనని మొండికేస్తే అమ్మానాన్నలే ముందు ఈత నేర్చుకుని పూల్లోకి దిగారట. నాకు ఈ ముక్క భలే నచ్చింది. మనమైతే పిల్లని నీళ్లలోకి తోసి గట్టు మీద నుంచి వీడియో తీస్తాం.

తర్వాత 2023లో గోవా నేషనల్ గేమ్స్‌లో 7 గోల్డ్, అదే ఏడు పదమూడేళ్లకి హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలు, మరుసటి ఏడు పారిస్. పారిస్‌లో 200 మీటర్ల ఫ్రీస్టైల్లో 2:06.96, 23వ స్థానం, తొలి రౌండ్ హీట్స్‌తోనే అయిపోయింది, అది తన బెస్ట్ టైమ్ కూడా కాదు. 2025 ఉత్తరాఖండ్ నేషనల్ గేమ్స్‌లో మళ్లీ 9 గోల్డ్, ఒక సిల్వర్, ఒక బ్రాంజ్. మా వాట్సాప్ గ్రూప్‌లో పారిస్ రిజల్ట్ రాగానే ఒకాయన "ఇంతేనా" అని పెట్టారు, నాకు ఒళ్లు మండింది. ఆ వయసులో ఒలింపిక్స్‌కి వెళ్తే అక్కడ కథ ముగిసినట్టా? మైకేల్ ఫెల్ప్స్ 2000 సిడ్నీకి వెళ్లినప్పుడు పదిహేనేళ్లు, 200 బటర్‌ఫ్లైలో ఐదో స్థానం, మెడల్ లేకుండానే ఇంటికెళ్లాడు. కెనడా అమ్మాయి సమ్మర్ మెకింటాష్ టోక్యోకి పద్నాలుగేళ్లకి వెళ్లి 400 ఫ్రీస్టైల్లో నాలుగో స్థానంలో వచ్చింది, మూడేళ్లు ఆగి పారిస్‌లో మూడు గోల్డ్ కొట్టింది.

చైనాకి చెందిన యు జిదీ పన్నెండేళ్లకే 2025 సింగపూర్ వరల్డ్ చాంపియన్‌షిప్స్‌లో, నాలుగు స్ట్రోక్‌లూ కలిపి ఈదే 200 మెడ్లీలో 0.06 సెకన్ల తేడాతో మెడల్ పోగొట్టుకుంది, రిలే టీంలో మాత్రం బ్రాంజ్ తెచ్చుకుంది. ఆ వార్త వచ్చిన వారం మా పూల్లో పన్నెండేళ్ల పిల్లలందరికీ ఇంట్లో క్లాసులే క్లాసులు. అలాంటి పిల్ల ప్రపంచం మొత్తానికి ఒకతి, మన పిల్లని దాంతో పోల్చొద్దు. పోల్చాలనిపిస్తే సారా స్యోస్త్రోమ్‌తో పోల్చండి, ముప్పై ఏళ్లకి పారిస్‌లో 50, 100 ఫ్రీస్టైల్ రెండూ గెలిచింది. అంటే ఎనిమిదేళ్లకి మొదలెట్టిన పిల్లకి ఇంకా ఇరవై రెండేళ్ల టైమ్ ఉంది అన్నమాట, మనకి మాత్రం వచ్చే నెల డిస్ట్రిక్ట్ మీట్‌లోనే గోల్డ్ కావాలి.

పూల్ ఎక్కడ, కోచ్ ఎవరు

మొదట చూడాల్సింది పూల్ పొడవు. అపార్ట్‌మెంట్ పూల్లో పదిహేను మీటర్లకే గోడ వచ్చేస్తుంది, నేర్చుకోవడానికి ఓకే గానీ రేసింగ్‌కి పనికిరాదు. కాంపిటీషన్ పూల్ 25 మీటర్లు ఉంటే షార్ట్ కోర్స్, 50 ఉంటే లాంగ్ కోర్స్, ఒలింపిక్స్ అంతా లాంగ్ కోర్సే. ఒకే పిల్ల ఒకే 100 మీటర్లు 25 పూల్లో త్వరగా కొడుతుంది, ఎందుకంటే టర్న్‌లు ఎక్కువ, ప్రతి టర్న్‌కీ గోడని తన్ని ముందుకి జారొచ్చు. కాబట్టి ఎవరైనా "మావాడు వంద ఇంతలో కొట్టాడు" అంటే ముందు ఏ పూల్లో అని అడగండి.

హైదరాబాద్‌లో అయితే గచ్చిబౌలి స్టేడియం పూల్ ఉంది, 2023లో సీనియర్ నేషనల్స్ అక్కడే జరిగాయి, పిల్లల్ని తీసుకెళ్లి చూపించాం కూడా. విజయవాడలో సర్ విజ్జీ పూల్, వైజాగ్‌లో బీచ్ రోడ్డు మీద ఆక్వా కాంప్లెక్స్. అయితే పూల్ ఉండటం వేరు, ఏడాది పొడుగునా అందులో ట్రైనింగ్ జరగడం వేరు. రూల్ ప్రకారం కాంపిటీషన్ నీళ్లు 25 నుంచి 28 డిగ్రీలు ఉండాలి, మన దగ్గర డిసెంబర్‌లో హీటింగ్ లేని ఓపెన్ పూల్లో పొద్దున్నే దిగితే పిల్లల పెదాలు నేరేడు పళ్లు తిన్నట్టు అయిపోతాయి. చేర్చే ముందే అడగండి, చలికాలం ఏం చేస్తారు, మెయింటెనెన్స్ అని ఎన్నాళ్లు మూస్తారు అని. మేం మొదట చేరిన చోట రెండు నెలలు మూసేశారు, ఫీజు మాత్రం ముందే కట్టించుకున్నారు. నటుడు మాధవన్ కొడుకు వేదాంత్ సంగతి వినే ఉంటారు, ఆ అబ్బాయీ స్విమ్మరే, కోవిడ్‌లో ముంబైలో పెద్ద పూల్స్ మూసేస్తే ఆ కుటుంబం ఏకంగా దుబాయ్‌కి మారింది. మనం దుబాయ్ వెళ్లలేం, పక్క ఏరియా పూల్‌కన్నా వెళ్లగలమా అన్నది చూసుకోవాలి.

కోచ్ విషయంలో ఆయన గెలిపించిన మెడల్స్ లిస్టు కంటే నేను చూసేవి కొన్ని ఉన్నాయి. పదేళ్ల పిల్లలకి నాలుగు స్ట్రోక్‌లూ (ఫ్రీస్టైల్, బ్యాక్, బ్రెస్ట్, బటర్‌ఫ్లై) నేర్పిస్తున్నాడా లేక వచ్చిన రోజు నుంచే ఫ్రీస్టైల్ తిప్పిస్తున్నాడా? నీళ్ల కింద ఫోన్‌తో వీడియో తీసి చూపిస్తాడా? పిల్లలు ఈదుతుంటే నీళ్ల వైపు చూస్తాడా, ఫోన్ వైపు చూస్తాడా? పన్నెండేళ్లలోపు పిల్లకి ఒకే ఈవెంట్ ఫిక్స్ చేసేస్తే నాకు అనుమానమే. ఇంకోటి, మొహమాటపడకుండా అడగండి, చేంజింగ్ రూమ్ దగ్గర ఎవరుంటారు, అవుట్‌స్టేషన్ మీట్లకి ఆడపిల్లలతో లేడీ స్టాఫ్ వస్తారా, కోచ్ పిల్లలకి విడిగా మెసేజ్‌లు పెడతాడా. సరైన కోచ్ అయితే ఇలా అడిగినందుకు ఏమీ అనుకోడు. అనుకుంటే అక్కడి నుంచి వచ్చెయ్యండి.

దేశంలో సీరియస్ ట్రైనింగ్ అంటే బెంగళూరే, బసవనగుడి అక్వాటిక్ సెంటర్, డాల్ఫిన్ అక్వాటిక్స్ పేర్లు ఎప్పుడూ వినిపిస్తుంటాయి. "షిఫ్ట్ అవ్వాలా?" అని అందరూ అడుగుతారు. పదమూడు, పద్నాలుగేళ్లదాకా అవసరం లేదనే అంటా. మన తెలంగాణ అమ్మాయి వృత్తి అగర్వాల్ హాంగ్‌ఝౌలో ఇండియా 4x200 రిలే టీంలో ఈదింది, ఆ టీంలోనే ధినిధి కూడా ఉంది. ఇక్కడి పిల్లలకి దారి లేదనేం కాదు, కాకపోతే చుట్టూ మనకంటే ఫాస్ట్‌గా ఈదేవాళ్లు ఒక పదిమంది లేకపోతే ఒక వయసు దాటాక టైమ్ తగ్గదు, అది మాత్రం నిజం.

ఒక రోజు ఎలా ఉంటుందంటే

పొద్దున్న 4:30కి అలారం. రాత్రే బ్యాగ్ సర్దేసి తలుపు దగ్గర పెట్టాలి, పొద్దున్న గాగుల్స్ వెతుక్కోవడం మొదలెడితే ఇల్లంతా లేస్తుంది. అరటిపండు ఒకటి, రెండు ఖర్జూరాలు, కారెక్కేలోపు నోట్లో వేసుకోవాలి, ఏమీ తినకుండా మాత్రం పంపొద్దు. 5:15కి గట్టు మీద వార్మప్, 5:30కి నీళ్లలోకి. 7:15కి బయటికి. బాక్సులో ఇడ్లీలు, ఉడికించిన గుడ్లు కారులోనే తినేసి, తడి జుట్టుతో స్కూలుకి. సాయంత్రం వారానికి మూడు రోజులు డ్రైలాండ్ అంటే నేల మీద వ్యాయామాలు, రెండు రోజులు మళ్లీ నీళ్లు. రాత్రి తొమ్మిదికల్లా పడుకోవాలి, ఇదే అన్నిటికంటే కష్టం, ఎందుకంటే పిల్ల తొమ్మిదికి పడుకోవాలంటే ఇల్లంతా తొమ్మిదికి సైలెంట్ అయిపోవాలి. మా అత్తయ్యగారు సీరియల్ సౌండ్ తగ్గించుకోవడం నేర్చుకున్నారు పాపం, ఆవిడ త్యాగానికి ఏ మెడలూ రాదు.

నీళ్లలో ఏం చేస్తారో అర్థం కావాలంటే బోర్డు మీద కోచ్ రాసేది చదవడం రావాలి. "8x100, 1:50" అని ఉందనుకోండి, వంద మీటర్లు ఎనిమిది సార్లు, ప్రతి 1:50కి ఒకటి బయల్దేరాలి అని. పిల్ల వంద 1:35లో కొడితే పదిహేను సెకన్లు రెస్ట్, 1:45లో కొడితే ఐదే సెకన్లు, ఆలస్యమైనకొద్దీ రెస్ట్ తినేసినట్టే. అందుకే మొదటి రెండూ ఊపేసి కొట్టే పిల్లలు ఐదోదానికి గోడ పట్టుకుని ఎగశ్వాస పీలుస్తుంటారు. మా పాప మొదట్లో ఇలాగే చేసేది. ఒకరోజు కోచ్ దాన్ని గట్టు మీదికి పిలిచి గోడ మీదున్న పెద్ద పేస్ క్లాక్ చూపించి, ఎనిమిదీ ఒకే టైమ్‌కి తెస్తేనే ఇంటికి అన్నారు. ఆ రోజు 1:36, 1:36, 1:37 అని గొణుక్కుంటూ ఈదింది, ఆఖరిది 1:35 వచ్చేసరికి నీళ్లలోంచే నాకు వేలు చూపించింది. స్ట్రోక్స్ లెక్కపెట్టడం కూడా అప్పుడే మొదలెట్టింది, ఒక పొడవుకి ఎన్ని చేతులు వేస్తున్నానని, అదే టైమ్‌కి రెండు చేతులు తక్కువ పడితే టెక్నిక్ బాగైందని అర్థం. ఇంట్లో మీరు అడగాలనుకుంటే ఇది అడగండి, "ఫస్ట్ వచ్చావా" అని కాదు.

సామాన్లకి పెద్ద ఖర్చు పెట్టొద్దు మొదట్లో. రెండు జతల గాగుల్స్, సిలికాన్ క్యాప్, కిక్‌బోర్డ్, పుల్‌బాయ్ (చేతులతోనే ఈదేటప్పుడు కాళ్ల మధ్య పెట్టుకునేది), కాళ్లకి తొడుక్కునే చిన్న ఫిన్స్ చాలు. వేలకి వేలు పోసే రేసింగ్ సూట్ పద్నాలుగేళ్లలోపు అక్కర్లేదు, తొడుక్కోవడానికే ఇరవై నిమిషాలు పడుతుంది, కొన్ని రేసులకే సాగిపోతుంది. అసలు ఆ సూట్ల చరిత్ర తెలుసా, 2009లో రోమ్ వరల్డ్ చాంపియన్‌షిప్స్‌లో పాలీయురెథేన్ సూట్లు వేసుకుని ఒక్క మీట్‌లో 43 వరల్డ్ రికార్డులు బద్దలుకొట్టేశారు, దెబ్బకి 2010 నుంచి వాటిని బ్యాన్ చేశారు. ఇప్పుడు బట్టతో చేసినవే, మగవాళ్లకి బొడ్డు నుంచి మోకాలిదాకా, ఆడవాళ్లకి భుజం నుంచి మోకాలిదాకా.

జుట్టు గురించి ఒక మాట, క్లోరిన్‌కి గడ్డి అయిపోతుంది. నీళ్లలోకి దిగేముందే మామూలు నీళ్లతో తల బాగా తడిపి దిగితే కొంచెం నయం, పొడి జుట్టయితే పూల్ నీళ్లు ఎక్కువ పీల్చుకుంటుంది. కొబ్బరి నూనె దట్టంగా పట్టించి పంపకండి, పూల్ వాళ్లు తిడతారు.

తిండి సంగతి సింపుల్. మన తిండే చాలు, పెసరట్టు, రాగి జావ, అన్నం పప్పు, గుడ్లు, చికెన్ తినేవాళ్లయితే చికెన్, రాత్రి పెరుగన్నం. పిల్లలు ఎంత తింటారంటే మీకే భయమేస్తుంది, పెట్టండి. నీళ్లలో ఉన్నా చెమట పడుతుంది, దాహం తెలియదంతే, బాటిల్ గట్టు మీద ఉండాల్సిందే. ప్రోటీన్ పౌడర్లు, డబ్బాలు ఎవరో చెప్పారని కొనొద్దు, దానికి ఇంకో కారణం కూడా ఉంది, డోపింగ్. డబ్బా మీద రాయనివి లోపల కలిసి ఉంటే దొరికేది పిల్లే. నేషనల్ లెవెల్‌కి వెళ్లే పిల్లకి జలుబు మందు వేసేటప్పుడు కూడా ఆలోచించాలి, సూడోఎఫెడ్రిన్ ఉన్నవి మీట్ టైమ్‌లో మోతాదు దాటితే తప్పే, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ మాత్రలు కాంపిటీషన్‌లో నిషిద్ధం. ఆస్తమా ఉన్న పిల్లలు స్విమ్మింగ్‌లో చాలామందే ఉంటారు, ఇన్‌హేలర్ వాడొచ్చు, కాకపోతే ఏ మందు ఎంత డోసు అన్నది లెక్కుంది, మందు తప్పనిసరైతే ముందుగానే పర్మిషన్ పెట్టుకునే పద్ధతీ ఉంది. మన దేశంలో డోపింగ్ సంగతి చూసే నాడా వాళ్ల నో యువర్ మెడిసిన్ యాప్ ఫోన్లో పెట్టుకోండి, ఫ్యామిలీ డాక్టర్‌కి మందు రాసేముందే చెప్పండి.

మీట్లు, కాగితాలు

బర్త్ సర్టిఫికెట్ సరిగ్గా ఉందా లేదా ఇవాళే చూసుకోండి. ఆధార్‌లో ఒక స్పెల్లింగ్, స్కూల్లో ఇంకో స్పెల్లింగ్ ఉంటే ఎంట్రీల ఆఖరి రోజు ఏడవాలి, మేం ఏడ్చాం. స్విమ్మింగ్ ఫెడరేషన్ రిజిస్ట్రేషన్, వాళ్లిచ్చే యూఐడీ నంబర్ (ఆధార్ కాదు) లేకుండా నేషనల్స్‌కి ఎంట్రీ ఉండదు, అది స్టేట్ అసోసియేషన్ ద్వారా అవుతుంది. అంతర్జాతీయంగా వయసు డిసెంబర్ 31 నాటికి ఎంతన్నది లెక్క, కాబట్టి జనవరిలో పుట్టిన పిల్లా డిసెంబర్‌లో పుట్టిన పిల్లా ఒకే గ్రూప్, పదకొండేళ్లప్పుడు ఆ పదకొండు నెలల తేడా కళ్లకి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మీ పిల్ల డిసెంబర్‌దైతే ఓపిక పట్టండి. సర్టిఫికెట్లో వయసు తగ్గించే వాళ్లు ఉంటారు, మీకూ ఎవరో ఒకరు సలహా ఇస్తారు, వద్దు.

రూల్స్ మీరు కూడా నేర్చుకోండి. స్టార్ట్‌లో బీప్ కంటే ముందు దూకితే సెకండ్ చాన్స్ లేదు, డిస్‌క్వాలిఫైడ్. ఫ్రీ, బ్యాక్, బటర్‌ఫ్లైల్లో డైవ్ తర్వాతా టర్న్ తర్వాతా 15 మీటర్ల గుర్తు దగ్గరికల్లా తల పైకి రావాలి. బ్రెస్ట్‌స్ట్రోక్, బటర్‌ఫ్లైలో గోడని రెండు చేతులతో ఒకేసారి తాకాలి. దీని గురించి చివర్లో చెప్తా, మాకు తగిలిన దెబ్బ అదే.

టైమ్‌లు, కట్‌లు, అసలు సెలక్షన్ ఎలా

ఇది కాస్త ఓపికగా చదవండి, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. క్రికెట్‌లాగా సెలెక్టర్లు చూసి ఎంచుకోవడం ఒలింపిక్స్ స్విమ్మింగ్‌లో దాదాపు ఉండదు, గడియారమే సెలెక్టర్. 'ఏ కట్' (ఇంగ్లిష్ A) అని ఒక అర్హత టైమ్ ఉంటుంది, గుర్తింపు ఉన్న మీట్‌లో అది కొడితే డైరెక్ట్ ఎంట్రీ. మన దేశం నుంచి మొట్టమొదట ఏ కట్ కొట్టింది సాజన్ ప్రకాశ్, 2021 జూన్‌లో రోమ్‌లో 200 బటర్‌ఫ్లై 1:56.38. కట్ ఎంతో తెలుసా, 1:56.48. పదో వంతు సెకను. అంతకు ముందు ఏడే మెడ గాయంతో భుజం సరిగ్గా లేవని పరిస్థితి ఆయనది. మర్నాడే శ్రీహరి నటరాజ్ 100 బ్యాక్‌స్ట్రోక్ 53.77 కొట్టాడు, కట్ 53.85. అదే శ్రీహరి నెల తర్వాత టోక్యోలో కొట్టింది 54.31, 27వ స్థానం. అంటే కట్ కోసం జూన్‌లో ఒకసారి శరీరాన్ని శిఖరానికి తెచ్చి, మళ్లీ జులై ఆఖరుకి ఇంకోసారి తేవాలి, అమెరికా వాళ్లకీ ట్రయల్స్‌తో (టీం ఎంపిక పోటీలతో) ఇదే గొడవ గానీ మనవాళ్లకి కట్ కోసమే సర్వశక్తులూ అయిపోతాయి. పెద్ద మీట్ ముందు ట్రైనింగ్ తగ్గించి శరీరానికి విశ్రాంతి ఇవ్వడాన్ని టేపర్ అంటారు, అది ఏడాదికి రెండు మూడు సార్లకంటే ఎక్కువ కుదరదు. కాబట్టి ప్రతి మీట్‌లోనూ బెస్ట్ టైమ్ రావాలని పిల్లని పీకొద్దు, ట్రైనింగ్ మధ్యలో ఉన్న మీట్‌లో రెండు సెకన్లు ఎక్కువ రావడం మామూలే.

ఏ కట్ కింద బీ కట్ ఉంటుంది, సీట్లు మిగిలితే పిలుస్తారు. టోక్యోకి ఏ కట్ కంటే 3 శాతం దూరం దాకా బీ కట్ ఉండేది, పారిస్‌కి అర శాతానికి కుదించేశారు, దాంతో బాగా కష్టమైపోయింది. దేశం నుంచి ఎవరూ క్వాలిఫై కాకపోతే యూనివర్సాలిటీ కోటాలో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి వెళ్లొచ్చు, పారిస్‌కి శ్రీహరి, ధినిధి వెళ్లింది అలాగే. దానికి పాయింట్లు చూస్తారు, ప్రతి ఈవెంట్‌లో వరల్డ్ రికార్డ్ స్థాయికి 1000 పాయింట్లని పెట్టుకుని మన టైమ్‌కి ఎన్నొస్తాయో లెక్క, వేర్వేరు ఈవెంట్ల పిల్లల్ని పోల్చేది ఇలాగే. "కోటాలో వెళ్లింది" అని చులకన చేసేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, ఆ కోటాకి కూడా దేశంలో అందరికంటే ఎక్కువ పాయింట్లు ఉండాలి. అయితే ఏ కట్‌కీ మన అమ్మాయిల టైమ్‌కీ 200 ఫ్రీలో ఇంకా చాలా సెకన్ల తేడా ఉందన్నది కూడా దాచుకోనక్కర్లేదు.

స్ప్రింటర్ పిల్లలున్న వాళ్లకి మంచి వార్త, 2028 లాస్ ఏంజెలెస్‌లో బ్యాక్, బ్రెస్ట్, బటర్‌ఫ్లై 50 మీటర్లు కూడా పెట్టారు, ఇన్నాళ్లూ 50 అంటే ఫ్రీస్టైల్ ఒక్కటే.

డబ్బు, చదువు

మొదటి ఏళ్లలో మనమే పెట్టుకోవాలి, ఫీజులు, పెట్రోలు, మీట్లకి రైలు టికెట్లు, హోటళ్లు. పెట్రోలుకే ఎక్కువవుతుంది, నమ్మండి. కేంద్ర ప్రభుత్వ పథకం ఖేలో ఇండియాకి సెలెక్ట్ అయితే నెలకి 10 వేలు చేతి ఖర్చులకి వస్తాయి, ట్రైనింగ్, వసతి కలిపి ఏడాదికి 6.28 లక్షల దాకా లెక్క. ఇంకా పైకెళ్తే, ఒలింపిక్స్‌కి తయారయ్యేవాళ్ల కోసం కేంద్రం పెట్టిన టాప్స్ స్కీమ్, డెవలప్‌మెంట్ గ్రూప్‌కి నెలకి 25 వేలు, కోర్ గ్రూప్‌కి 50 వేలు. అక్కడిదాకా వెళ్లేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది, ఆ డబ్బు వస్తుందని లోన్లు తీసుకోకండి.

స్కూలుతో ఏడాది మొదట్లోనే మాట్లాడుకోండి, మీట్ క్యాలెండర్ చూపించి అటెండెన్స్ గురించి రాతపూర్వకంగా తీసుకోండి. తొమ్మిదో తరగతి రాగానే మన ఊళ్లలో సగంమంది పిల్లలు పూల్ మానేస్తారు, ఇంటర్‌లో మిగతా సగం. ఐఐటీ కోచింగ్ బ్యాచ్ పొద్దున్న ఆరింటికి, పూల్ కూడా ఆరింటికే, ఏది గెలుస్తుందో మీకు తెలుసు. ఓపెన్ స్కూల్లో రాయించొచ్చు, తేలిక గ్రూపులు తీసుకోవచ్చు, దారులున్నాయి, ఇంట్లో ముందు తేల్చుకోవాలి అంతే. పదో తరగతి పరీక్షల ముందు మేం ఏం చేస్తామని ఇప్పుడే అడుగుతున్నారు బంధువులు. వారానికి నాలుగు సెషన్లకి తగ్గిస్తాం, మానిపించం, పూర్తిగా మానేస్తే నీళ్ల మీద పట్టు వారం పది రోజుల్లోనే జారిపోతుంది.

తర్వాత ఏమవుతారు అంటే, స్పోర్ట్స్ కోటాలో రైల్వేస్, పోలీస్ ఉన్నాయి, సాజన్ ప్రకాశ్ కేరళ పోలీస్‌లోనే. విర్‌ధవల్ ఖాడే పదహారేళ్లకి బీజింగ్ ఒలింపిక్స్‌కి వెళ్లాడు, 2010 ఆసియా క్రీడల్లో 50 బటర్‌ఫ్లై బ్రాంజ్, మనకి ఆసియా క్రీడల స్విమ్మింగ్‌లో 24 ఏళ్ల తర్వాత వచ్చిన మెడల్ అది, తర్వాత మహారాష్ట్రలో తహసీల్దార్ అయ్యాడు, ఆ ఉద్యోగం చేస్తూనే మళ్లీ నీళ్లలోకొచ్చి 2023 హాంగ్‌ఝౌ దాకా ఈదాడు. అమెరికా యూనివర్సిటీల స్కాలర్‌షిప్‌ల గురించి మన ఎన్నారై కజిన్స్ చెప్తుంటారు, నిజమే, కోచ్‌లు చూసేది టైమ్‌లు, మార్కులు రెండూ, అక్కడ కాలేజీ పూల్స్ ఎక్కువగా గజాల్లో ఉంటాయి కాబట్టి టైమ్‌లు మార్చి చూసుకోవాలి.

ఆడపిల్లల అమ్మలకి

పన్నెండు, పద్నాలుగు మధ్య ఆడపిల్లలకి శరీరం మారుతుంది, తుంటి, ఛాతీ, బరువు. ఏడాది, ఏడాదిన్నర టైమ్ కదలదు, ఒక్కోసారి వెనక్కి కూడా వెళ్తుంది. కోచ్ బరువు తగ్గించమంటే వెంటనే తల ఊపేయకండి, ఆ వయసులో తిండి తగ్గిస్తే పీరియడ్స్ ఆగిపోతాయి, ఎముకలు బలహీనమవుతాయి, ఇంకా స్లో అవుతుంది. ఏడాదికోసారి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పేది) చూపించండి, మన ఆడపిల్లల్లో ఐరన్ తక్కువ కామన్, "బద్ధకంగా ఈదుతోంది" అని తిట్లు తిన్న మా పాపకి టెస్ట్ చేయిస్తే తేలింది అదే. పీరియడ్స్ రోజుల్లో టాంపాన్ గానీ కప్ గానీ గురించి మీరే కూర్చోబెట్టి చెప్పండి, లేకపోతే నెలకి ఐదు రోజులు "కడుపునొప్పి" అని మానేస్తుంది, కోచ్‌కేమో చెప్పలేదు. పెద్దవాళ్లు ఇంట్లో ఏమంటారో తెలుసు, మా ఇంట్లోనూ అన్నారు, ఒక నెల గొడవైంది, తర్వాత అలవాటైపోయింది.

భుజం నొప్పి వస్తే దాచుకోవద్దని పదే పదే చెప్పాలి. వేలసార్లు తిరిగే భుజం కదా. ఈత అయ్యాక కండరాలు లాగడం వేరు, చెయ్యి పైకెత్తితే కీలు లోపల పొడిచినట్టు ఉండటం వేరు, రెండోదైతే ఆ రోజుకి కిక్ మాత్రమే, వారంలో తగ్గకపోతే ఫిజియో దగ్గరికి.

ఇక ఆ రెండు చేతుల సంగతి. మా పాపకి పన్నెండేళ్లప్పుడు స్టేట్ మీట్, 100 బటర్‌ఫ్లై, హీట్స్‌లో సెకండ్ బెస్ట్ టైమ్. ఫైనల్లో 50 దగ్గర టర్న్‌కి గోడ అనుకున్నదానికంటే ముందొచ్చేసింది, కుడి చెయ్యి తాకాక ఎడమ చెయ్యి వచ్చింది, కంటికి కనిపించనంత తేడా. నేను గ్యాలరీలో అరుస్తున్నా, థర్డ్ వచ్చింది, మా ఆయన అప్పటికే అత్తయ్యగారికి ఫోన్ చేసేశారు. కిందేమో ఆ లేన్ చివర తెల్ల బట్టల్లో నిలబడ్డ టర్న్ జడ్జి చెయ్యెత్తి ఉన్నారు, అది మేమిద్దరం చూడనే లేదు. పావుగంట తర్వాత గోడకి అంటించిన రిజల్ట్ షీట్లో దాని పేరు అట్టడుగున, టైమ్ ఉండాల్సిన చోట డీక్యూ, అంటే డిస్‌క్వాలిఫైడ్.

కారులో నేను చేసింది తప్పు, అందుకే రాస్తున్నా. "ఎన్నిసార్లు చెప్పారు నీకు" అని మొదలెట్టా. అది కిటికీ వైపు తిరిగి కూర్చుంది, ఇల్లొచ్చేదాకా మాట్లాడలేదు, తర్వాత వారం రోజులు బటర్‌ఫ్లై సెట్ వచ్చినప్పుడల్లా గాగుల్స్‌లోకి నీళ్లొస్తున్నాయని ఆగిపోయేది. ఆ తర్వాత వాళ్ల కోచ్ నాకు పెట్టిన రూల్ ఏంటంటే, రేసు అయ్యాక మర్నాడు పొద్దున్నదాకా టైమ్ గురించి అమ్మానాన్నలు నోరెత్తకూడదు, తప్పు సంగతి చెప్పడానికి ఆయనున్నారు. బ్యాగ్‌లో పొడి టవల్ ఇచ్చి, ఏం తింటావని మాత్రం అడగాలి. పోయిన నెల మీట్‌లో 200 ఫ్రీలో మూడు సెకన్లు ఎక్కువ కొట్టి వచ్చింది, నేను పళ్ల బిగువున నోరు మూసుకుని ఏం తింటావన్నా. పునుగులు అంది. తిన్నాక, నేనేం అడక్కుండానే, "అమ్మా, ఫస్ట్ యాభై తొందరగా వెళ్లిపోయా" అంది.